పదింటికి పోయి పన్నెండుకు వచ్చే నెట్టు

రక్షిత ఆ నెలలో ఒకే జబ్బును నాలుగుసార్లు నయం చేసింది. నాలుగుసార్లూ బెంగళూరుకు "సమస్య తీరింది" అని రాసింది. నాలుగుసార్లూ మర్నాడో, ఆ మరుసటి రోజో, పొద్దున పది కాగానే జబ్బు తిరగబెట్టింది.

జబ్బు మనిషికి కాదు, కంప్యూటరుకు. సోలారు పార్కులో పలకల మీద దుమ్ము తుడిచే రోబోలకు ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీలో రక్షితకు ఉద్యోగం. కంపెనీ ఉండేది బెంగళూరులో. అక్కడ ఎనిమిది మంది కూర్చుని తలా ఒక ముక్క రాస్తారు. ఆ ముక్కలన్నిటినీ ఒకచోట కలిపి, తప్పులు పట్టి, నిజం రోబో మీద నడిపి చూసి, బాగుంటే పచ్చగుర్తు, లేకుంటే ఎర్రగుర్తు పెట్టే యంత్రాన్ని బిల్డ్ సర్వర్ అంటారు. అలాంటివి అద్దెకు బోలెడు దొరుకుతాయి. కానీ మేనేజరు ప్రశాంత్‌కుమార్ సొంతదే కావాలన్నాడు, అదీ పార్కు ఉన్న పావగడ తాలూకాలోనే పెట్టాలన్నాడు. బెంగళూరు దుమ్ము మెత్తన, పావగడ దుమ్ము గరుకు, పరీక్ష చేసేదేదో అసలు దుమ్ములోనే చెయ్యాలని ఆయన వాదం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ దుమ్ములో కూర్చోవలసింది ఆయన కాదు, రక్షిత.

వై.ఎన్.హొసకోటలో పుట్టి, తుమకూరులో చదివి, రెండేళ్ళు బెంగళూరులో చేసి వచ్చిన పిల్ల ఆమె. ఇప్పుడు పావగడలో గది తీసుకుని, రోజూ స్కూటరు మీద నాగలమడిక దాటి, పార్కు అంచున ఉన్న ఊళ్ళో ఈరప్ప ఇంటికి వస్తుంది. ఆ ఇంటి వీధిగదిలో సర్వరు, దాని పక్కన ఏటవాలుగా నిలబెట్టిన రెండు పలకలు, వాటి మీద అటూ ఇటూ పాకే రెండు రోబోలు. మిద్దె మీద పిట్టగోడకు మూరెడు పైపు బిగించి, సంగటి పళ్ళెమంత డిష్షు పెట్టారు. అది దూరాన ఉన్న టవరు వైపు చూస్తూ ఉంటుంది. నెట్టు వచ్చే దారి అదొక్కటే.

పొద్దున పదింటికి ఆ దారి మూసుకుపోయేది. బెంగళూరులో ఎనిమిది మంది తెరల మీద "సర్వరు అందుబాటులో లేదు" అని వచ్చేది. వాళ్ళు లేచి టీకి పోయేవాళ్ళు. ప్రశాంత్‌కుమార్ రక్షితకు ఫోను చేసేవాడు.

మొదటిసారి ఆమె రూటరు ఆర్పి వెలిగించింది. రాలేదు. మళ్ళీ ఆర్పింది, మళ్ళీ వెలిగించింది. పన్నెండు కావస్తుండగా వచ్చింది. రూటరుదే తప్పని రాసింది. రెండోసారి రూటరుకు లొంగలేదు. ఎలుక కొరికిందేమోనని కేబులు మార్చింది. పన్నెండింటికి వచ్చింది. మూడోసారి ఫైర్‌వాల్, అంటే సర్వరు గడప దగ్గర ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో చూసే కాపలా, దాని నియమాలన్నీ తీసి తిరిగి రాసింది. అదీ పన్నెండింటికే పనిచేసింది. నాలుగోసారి సర్వరు చిరునామానే మార్చేసింది. నాలుగు మందులూ పన్నెండింటికి పనిచేశాయి, ఒక్కదానికీ జబ్బు పోలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి మిద్దె ఎక్కి డిష్షును కూడా చూసింది. అది బుద్ధిమంతురాలిలా టవరు వైపే చూస్తోంది. సిగ్నలు నిండుగా ఉంది. నెట్టు ఇచ్చేవాళ్ళకు ఫోను చేస్తే, "మా టవరు బాగుంది మేడం" అని ఫిర్యాదు మూసేశారు.

చివరికి ఆమె నోటుపుస్తకంలో వేళలు రాయడం మొదలుపెట్టింది. సోమవారం తొమ్మిది నలభై నుంచి పదకొండు యాభై. మంగళవారం ఏమీ లేదు. బుధవారం తొమ్మిదిన్నర నుంచి పదకొండూ ఇరవై. మబ్బు పట్టిన గురువారం మాత్రం మధ్యాహ్నం మూడు దాకా రాలేదు.

అది చదివి ప్రశాంత్‌కుమార్ ఉత్సాహపడ్డాడు. "చూశావా, ఎండతో లింకుంది! ఎండెక్కేకొద్దీ పార్కులో ఇన్వర్టర్లు గట్టిగా పనిచేస్తాయి. వాటి అలజడి మన సిగ్నలు చెడగొడుతోంది."

"మరి మబ్బు రోజు ఎక్కువసేపు పోయింది కదా సార్?"

"ఆ రోజు మబ్బు చెడగొట్టి ఉంటుంది," అన్నాడు.

మరుసటి మంగళవారం ఒక నిపుణుణ్ణి జీపులో పంపాడు. ఆయన పెట్టె తెరిచి, కొమ్ములున్న పరికరమొకటి తీసి, ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఇంటావిడ హొన్నూరమ్మ తలుపు సందులోంచి ఆయన్ను అదేపనిగా చూసింది. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నెట్టు ఒక్క క్షణం పోలేదు. నిపుణుడు రెండు లోటాల మజ్జిగ తాగి, "అంతా సక్రమం" అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. బుధవారం పదింటికి నెట్టు పోయింది.

ఈ లోపు కంపెనీ మీదికి గండం వచ్చింది. శుక్రవారం పొద్దున పది గంటలకు కొత్త ప్రోగ్రాము తయారుచేసి పార్కులోని నలభై రోబోలకు ఎక్కించాలి. చూడడానికి పార్కువాళ్ళు బెంగళూరు ఆఫీసుకే వస్తారట. "పద్నాలుగు నిమిషాలు చాలు రక్షితా," అన్నాడు ప్రశాంత్‌కుమార్. "పద్నాలుగు నిమిషాలు తెగకుండా ఉంటే చాలు. మధ్యలో తెగితే మొదటి నుంచి మొదలు."

గురువారం తొమ్మిదింటికి రక్షిత సర్వరు ముందు తల పట్టుకుని కూర్చుంది. తెల్ల పంచె కట్టుకుని బయటికి పోబోతున్న ఈరప్ప గుమ్మంలో ఆగాడు. అరవై దాటిన మనిషి, మీసం మాత్రం ఇంకా నల్లగా ఉంది. ఏడేళ్ళ కిందటి దాకా నూటయాభై గొర్రెల మంద ఆయనది. చేను సోలారుకు గుత్తకు పోయి, మేపేందుకు బీడు లేకుండా పోతే మందను అమ్మేశాడు. అమ్మిన రోజు నలుగురి మధ్య నిలబడి, "ఇంగ ఈరప్ప ఇంట్లో ఎవురూ ఒకరి కింద పని చేసేది లేదు" అని చాటాడు. అప్పటి నుంచి రోజూ తొమ్మిదింటికి టీ హోటలుకని బయల్దేరి ఒంటిగంటకు వస్తాడు.

"ఏం పాపా, అట్ల కూసున్న్యావు? మల్లా పోయిందా?"

"ఇంకా పోలేదు తాతా. ఇంకో అర్ధగంటలో పోతాది."

"అది మాట్లాడేది యాడికి?"

"బెంగళూరికి."

"ఏ దోవన పోతాది?"

"ఈ డబ్బాలో నుంచి వైరులోకి, వైరులో నుంచి మిద్దె మీదికి, ఆడి నుంచి గాల్లో టవరుకి."

ఈరప్ప చెప్పులు విడిచి లోపలికి రెండడుగులు వేశాడు. "గొర్రె తప్పిపోయిందనుకో. మంద తావ కూసోని ఆలోచిస్తే దొరుకుతాదా? అది నడిసిన దోవంతా మనమూ నడవల్ల. నువ్వు ఈ కుర్చీ వదిలి లెయ్యవు. అది పోయిన పొద్దే లేసి నడువు పాపా, వచ్చినాక కాదు." చెప్పేసి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

రక్షితకు కాస్త సిగ్గనిపించింది. ఇన్నాళ్ళూ నెట్టు పోయిన రెండు గంటలూ ఆమె యంత్రాన్ని అంటిపెట్టుకునే ఉంది. మిద్దె ఎక్కింది ఒక్కసారే, అదీ నెట్టు తిరిగొచ్చాక.

తొమ్మిది నలభై ఐదుకు తెగింది. ఆమె లేచింది. వైరు పట్టుకుని గోడ వెంట నడిచింది, పెరట్లోకి వచ్చింది, మెట్లు ఎక్కింది. మిద్దె మీద అడుగుపెడుతూనే మొహానికి తడిగుడ్డ ఒకటి ఫెళ్ళున తగిలింది.

ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగు తాళ్ళు, వాటి మీద నీళ్ళు కారుతున్న దుప్పట్లు. మందపాటి నూలు దుప్పట్లు, తడిసి గోడల్లా నిలబడ్డాయి. వాటి వెనక, గోడకు మొహం తిప్పి నిలబెట్టిన పిల్లలా, డిష్షు. ఆ పక్కనే బక్కెట్టుతో హొన్నూరమ్మ.

గాలిలో పోయే మాటకు పొడిగుడ్డ అడ్డం కాదు, నీళ్ళు అడ్డం. ఈ సంగతి రక్షిత కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయింది. దుప్పట్లు ఆరేదాకా నెట్టు రాదు. మబ్బు రోజు ఆరడం ఆలస్యం, నెట్టూ ఆలస్యం.

"అవ్వా, ఎవరివి ఇవన్నీ?" అంది.

హొన్నూరమ్మ బక్కెట్టు దించింది, మెట్ల వైపు తొంగిచూసింది. "గట్టిగా అరవద్దమ్మా. పార్కు క్వార్టర్సులో ఉండి పనిచేసే పిల్లోల్లవి. ఆడ చూసుకునే దొడ్డన్న, ఉతికేవోల్లు దొరకలేదని వస్తే, నేను తెమ్మన్నా. ఒకోసారి దినామూ, ఒకోసారి దినం మార్చి దినం తెస్తాడు. నెలాయ."

"మరి నిపుణుడు వచ్చిన రోజు ఆరెయ్యలేదు?"

"జీపులో ఆపీసరు వచ్చినాడంటే నా మీదికే వచ్చినాడనుకుంటి. తడివన్నీ గంపలో కుక్కి మూత పెట్టినా. కంపు కొట్టి మల్లా ఉతకాల్సొచ్చె."

రక్షితకు నవ్వాగలేదు. హొన్నూరమ్మ మాత్రం నవ్వలేదు. "మీ తాతకు తెలిస్తే ఇల్లు ఎగిరిపోతాది. ఊరందరి ముందర మాటన్నాడు గదా. ఆయప్ప టీ హోటల్లో కాలు మీద కాలేసుకోని కూసుంటాడు. నేనేం చెయ్యల్ల? గుత్త దుడ్డు తింటా గోడ చూస్తా కూసుంటే చేతులు ఊరుకుంటాయా? నూటయాభై గొర్రెలకు నీళ్ళు తోడిన చేతులమ్మా ఇవి. చెప్పద్దు."

రక్షిత మాటిచ్చింది. రేపు పదిన్నర దాకా ఒక్క గుడ్డ కూడా ఆరెయ్యనని హొన్నూరమ్మ మాటిచ్చింది. ప్రశాంత్‌కుమార్‌కు మాత్రం, "కారణం తెలిసింది, రేపు ఉండదు" అని రక్షిత రాసింది. "ఏమిటది?" అని ఆయన వెంటనే అడిగాడు. "దారిలో తేమ," అని జవాబిచ్చింది. ఆయన దాని మీద సాయంత్రమంతా ఆలోచించాడని తర్వాత తెలిసింది.

శుక్రవారం ఎనిమిదిన్నరకే రక్షిత వచ్చేసరికి పెరట్లో హొన్నూరమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని ఉంది. ఆమె ముందు పిండిన దుప్పట్ల కొండ.

"ముప్పై తెచ్చి పడేసి పాయ దొడ్డన్న! క్వార్టర్సు చూసేకి ఎవురో పెద్దోల్లు వస్తారంట, మద్యాన్నానికి పొడివి కావల్లంట. నేనేం చేద్దును? కింద ఆరేస్తే దోవన పొయ్యే ప్రతివోడికీ కనపడతాది."

తొమ్మిది దాటి ఈరప్ప వెళ్ళిపోయాక ఇద్దరూ మిద్దె ఎక్కారు. దుప్పట్లు ఆపడానికి వీల్లేదు, పదింటి పని ఆపడానికీ వీల్లేదు. మిగిలింది డిష్షు. దుప్పట్ల కన్నా ఎత్తుకు లేపితే చాలు. డిష్షు పెట్టినవాళ్ళు మిగిలిన వైరును చుట్టచుట్టి పైపుకే వేలాడదీసి పోయారు, అది కలిసొచ్చింది.

"పొడుగు కర్ర ఏదైనా ఉందా అవ్వా?"

హొన్నూరమ్మ పెరటి కొట్టంలోంచి దోటి తెచ్చింది. మేకలకు కొమ్మలు కోసే రెండు నిలువుల వెదురు, కొసన కొడవలి. కొడవలి పక్కన డిష్షును తీగతో బిగించి, దోటిని పిట్టగోడకు తాడుతో కట్టారు. దుప్పట్ల మీదుగా డిష్షు తల ఎత్తింది. సిగ్నలు నిండుగా వచ్చింది. కానీ పావగడ గాలి ఊరుకునే గాలా? దోటి ఊగినప్పుడల్లా సిగ్నలు సగానికి పడింది. ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాల్సిందే.

"నేను పట్టుకుంటా. నీ మిషను నువ్వు చూసుకో," అని హొన్నూరమ్మ కొంగు బిగించింది.

రక్షిత లాప్‌టాప్ పిట్టగోడ మీద పెట్టి, ఫోను స్పీకరులో వేసింది. సరిగ్గా పదింటికి ప్రశాంత్‌కుమార్ గొంతు వినిపించింది. "అందరూ ఉన్నారు. పార్కువాళ్ళు కూడా వచ్చారు. మొదలుపెడుతున్నాం."

ఒకటి, రెండు, మూడు నిమిషాలు బాగానే గడిచాయి. అప్పుడు కింద పెరట్లో కొట్టం తలుపు చప్పుడైంది. "నా దోటి యాడికి పాయనే?" అని ఈరప్ప గొంతు. తల ఎత్తి చూసి ఉంటాడు. తర్వాత మెట్ల మీద అడుగులు.

ఈరప్ప మిద్దె ఎక్కి, ముప్పై దుప్పట్లనూ, దోటి కొసన డిష్షునూ, దోటి మొదట భార్యనూ చూశాడు.

"ఏమే ఇది?"

"ముందు దీన్ని పట్టుకో, నా చేతులు పడిపోతాండాయి," అని హొన్నూరమ్మ దోటిని ఆయన చేతుల్లోకి తోసింది. చేతికిస్తే పట్టుకోవడం అలవాటైన మనిషి, పట్టుకున్నాడు.

"తాతా, కదలద్దు!" అరిచింది రక్షిత. "ఇంకా పది నిమిషాలు. కదిలితే అంతా పోతాది!"

ఈరప్ప కదలలేదు. నోరు మాత్రం కదిలింది. "ఎవురివే ఈ దుప్పట్లు?"

"క్వార్టర్సు పిల్లోల్లవి."

"మన మిద్దె మీద ఎందుకుండాయి?"

"ఉతికినా కాబట్టి ఉండాయి. మురికియి ఎవురన్నా ఆరేస్తారా?"

"ఈరప్ప పెండ్లాము ఊరోల్ల దుప్పట్లు ఉతికేదా! నలుగురి ముందర నేను ఏమని చెప్పినా?" అంటూ ఆయన ఒక చెయ్యి ఎత్తాడు. దోటి వంగింది, తెర మీద సిగ్నలు పడింది.

"తాతా, చెయ్యి! తిట్టుకోండి, కానీ కదలకుండా తిట్టుకోండి!"

ఆయన గబుక్కున రెండు చేతులతో పట్టుకున్నాడు.

"చెప్పింది నువ్వు," అంది హొన్నూరమ్మ. "నన్ను అడిగి చెప్పితివా? నీకు హోటలుండాది, నాకేముండాది?" మాట మధ్యలో ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. దగ్గరికి వచ్చి మళ్ళీ ఎగబీల్చింది. ఆయన వెనక్కి జరగబోయి, దోటి గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నీ తావ గొర్రె వాసన వస్తాండాది."

"యాడి గొర్రె? అమ్మి ఏడేండ్లాయ గదా."

హొన్నూరమ్మ వంగి పంచె అంచు పట్టి చూసింది. "ఈ పల్లేరుకాయలేంది? టీ హోటల్లో పల్లేర్లు మొలిచినాయా?"

ఈరప్ప ఆకాశం వైపు చూశాడు. అక్కడ డిష్షు తప్ప ఇంకేమీ లేదు.

"తుమ్మకాయలు రాల్చేకి గదా దోటికి వచ్చినావు? ఎవురి మందకి?"

"ముత్యాలప్పది," అన్నాడు చిన్న గొంతుతో. "పలకల కింద గడ్డి ఎక్కువైందని పార్కోల్లు గొర్రెల్ని తోలమన్యారంట. ముత్యాలప్పకు మేపేవోడు దొరకలేదు. ఊరికే చూసి వద్దామని పోతి. చూస్తే... నూటా ఇరవై ఉండాయి. మంచి జాతి."

"ఎన్నాళ్ళాయ?"

ఆయన దోటిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళాయ అంటా?"

"ఉగాది నుంచి."

"నేను నెల్నాళ్ళకే దొంగ మాదిరి దాక్కుంటాంటే, నువ్వు ఉగాది నుంచా! దినామూ తెల్ల పంచె కట్టుకోని, మీసం దువ్వుకోని, గొర్రెల తావకా పోయేది!"

ఇంతలో ఫోనులోంచి నవ్వులు గుప్పుమన్నాయి. రక్షిత ఫోను వైపు చూసింది. స్పీకరు ఆపడం మరిచిపోయింది. బెంగళూరులో తమవాళ్ళు ఎనిమిది మందీ, ప్రశాంత్‌కుమారూ, పార్కు పెద్దలూ మొదటి నుంచీ వింటున్నారు. తెలుగు రానివాళ్ళకు తెలిసినవాళ్ళు ఎప్పటికప్పుడు కన్నడంలో చెబుతున్నారట.

"అవ్వా," అంది ప్రశాంత్‌కుమార్ గొంతు, నవ్వు బిగబట్టుకుంటూ. "ఇంకా మూడే నిమిషాలు. తాతను కదలనియ్యద్దు."

"యాడికి కదుల్తాడు?" అంది హొన్నూరమ్మ ఫోను వైపు తిరిగి. "వదిలితే గదా!" అని తానూ వచ్చి దోటి పట్టుకుంది. ఆ మూడు నిమిషాలూ ఇద్దరూ ఒకే కర్రను పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు. గాలికి దుప్పట్లు ఇద్దరి వీపులమీదా టపటప కొట్టాయి. తొంభై ఆరు, తొంభై ఎనిమిది అని రక్షిత లెక్క చెబుతూనే ఉంది. పచ్చగుర్తు పడగానే ఫోనులో చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక హొన్నూరమ్మ అడిగింది. "నువ్వీడ ఉండావే, గొర్రెలు ఎవురి తావ ఉండాయి?"

ఈరప్ప నోరు తెరిచాడు. దోటిని ఉన్నదున్నట్టు రక్షిత చేతికిచ్చి, పంచె ఎగగట్టి, మెట్లు దూకుతూ పరిగెత్తాడు. ఈసారి నెట్టు తెగిపోయినా ఎవరూ ఫోను చెయ్యలేదు.

కారణం ఏమిటో రిపోర్టు రాయమని కూడా ప్రశాంత్‌కుమార్ అడగలేదు. ఆదివారం ఈరప్పే పావగడ నుంచి పొడుగు ఇనుప పైపు తెప్పించి, మేస్త్రీని పిలిచి, డిష్షును నిలువెత్తున బిగించాడు. దొడ్డన్న ఇప్పుడు పట్టపగలు వీధి వాకిట్లోనే దుప్పట్ల మూట దించుతున్నాడు. ఊళ్ళో ఒకరిద్దరు ఈరప్ప చాటింపును గుర్తుచేశారు. "ఒకరి కింద పని చెయ్యనన్యా. నేను చేసేది పలకల కింద," అని ఆయన తప్పించుకున్నాడు.

భార్యాభర్తలు మాత్రం నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. బువ్వ పెడితే తినడం, చెంబు ఇస్తే అందుకోవడం, అంతే. ఉగాది నుంచి దాచాడన్న కోపం అంత తొందరగా పోయేది కాదు. ఐదో రోజు రక్షిత పార్కులో రోబోలు ఎలా నడుస్తున్నాయో చూసి రావడానికి బయల్దేరితే, హొన్నూరమ్మ స్కూటరుకు అడ్డం నిలబడింది.

"నన్నూ ఎక్కించుకో. ఆ మంద యాడ మేస్తాదో చూడల్ల."

పలకల వరసలు కొండ దాకా పోయాయి. పైన రోబోలు సన్నగా గీరుతూ పోతున్నాయి, కింద నీడలో గొర్రెలు గడ్డి కొరుకుతున్నాయి. ఈరప్ప కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. భార్యను చూసి తలపాగా సర్దుకున్నాడు. ఆమె ఆయన దగ్గరికి పోలేదు, నేరుగా మందలోకి నడిచింది. ఒక్కొక్కదాని వీపు తడుముతూ పోయి, నల్లచెవుల గొర్రె దగ్గర కూర్చుండిపోయింది. దాని పొట్ట కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది.

"ఏమయ్యా," అని పిలిచింది, నాలుగు రోజుల తర్వాత మొదటి మాటగా. "ఇది చూడిది. ఇంగ పది దినాల్లో ఈనుతాది. చూసుకోలేదా?"

"చూడిదా?" ఈరప్ప పరిగెత్తుకొచ్చి పక్కన కూలబడ్డాడు. "ముత్యాలప్ప చెప్పలేదే!"

"ముత్యాలప్పకేం తెలుస్తాది? నీ చెయ్యి ఈడ పెట్టు. ఈడ. ఇంకొంచెం కిందికి."

రక్షిత స్కూటరు తిప్పింది. ఆ ఇద్దరూ చూడలేదు.